ఊపిరి కొలిచే చదువు

(షోలాపూర్‌లో జరిగిన మన యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రచురిస్తున్నాం.)



బోనస్ సంగతి, రావలసిన గ్రాట్యుటీల సంగతి ఉపాధ్యక్షులు చెప్పారు. నేను మళ్లీ చెప్పను. నాకిచ్చిన అంశం అజెండాలో ఆఖరిది. ఆఖరి అంశానికి జనం చెప్పులు వెతుక్కుంటారని ముప్పై ఏళ్ల అనుభవంలో నాకు తెలుసు. అయినా అరగంట కూర్చోమని అడుగుతున్నాను. డిగ్రీ చదువుతున్న మన పిల్లలు నలుగురికి, గిర్నీలో పనిచేసేవాళ్ల ఊపిరి కొలవడం, దుమ్ము కొలవడం, కొలిచినదాన్ని లెక్కకట్టి నివేదిక రాయడం నేర్పించాలని కార్యవర్గం ప్రతిపాదన పెట్టింది. దానికి యూనియన్ నిధినుంచి డబ్బు అడుగుతున్నాం. మీ చందా డబ్బు అడిగేటప్పుడు ఎందుకో చెప్పాలి గదా.

ముందు మా మేనమామ సంగతి చెప్పాలి. 1989లో నన్ను బదిలీ కార్డు మీద గిర్నీలో పెట్టించింది ఆయనే. ఆయనది కార్డింగ్ ఖాతా. వారమంతా పనిచేసి సుట్టీ రోజు హాయిగా ఉండేవాడు. మాంసం తెచ్చి వండించేవాడు, మమ్మల్ని నవ్వించేవాడు. సుట్టీ మర్నాడు పాళీ ఎక్కిన రెండు మూడు గంటలకు ఛాతీ మీద రాయి పెట్టినట్టయ్యేది. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మూడోరోజుకు తేరుకునేవాడు. మా అత్త దాన్ని “సుట్టీ బద్ధకం” అని ఎగతాళి చేసేది, మేమూ నవ్వేవాళ్లం. కొన్నేళ్లకు ఆ రాయి వారమంతా ఉండిపోయింది. తరువాత సుట్టీ రోజున కూడా దిగలేదు. నలభై ఎనిమిదో ఏట పని వదిలేశాడు. మెట్లెక్కలేక పోయేవాడు.

ఆయన చనిపోయాక పెట్టెలో మందుల చీటీలు చూశాను. పన్నెండేళ్ల చీటీలు. అన్నిటిమీదా ఆస్తమా అని ఉంది, బీడీ మానాలి అని ఉంది. బీడీ తాగేవాడు, అబద్ధం చెప్పను. పొగ తాగే ఊపిరితిత్తిని దూది దుమ్ము మరింత పాడుచేస్తుంది, అదీ నిజమే. కాని ఏ ఖాతాలో పని చేస్తున్నావు అని అడిగినట్టు ఒక్క చీటీ మీదా లేదు. నష్టపరిహారానికి అర్జీ పెడితే, పనిలో ఉండగా ఈ జబ్బు వచ్చినట్టు రికార్డు చూపమన్నారు. ఏ రికార్డు చూపాలి? ఇటలీలో రమజ్జినీ అనే వైద్యుడు 1700లో వృత్తుల జబ్బుల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడిగే ప్రశ్నలతోపాటు “నీ పనేమిటి” అని కూడా అడగాలని చెప్పాడు. జనపనార, అవిసెనార చిక్కుతీసే పనివాళ్లకు దగ్గు, ఆయాసం వస్తాయని ఆయన అప్పుడే రాశాడు. మూడువందల ఏళ్లు దాటాయి. ఆ ప్రశ్న మా మామదాకా రాలేదు.

ఈ జబ్బు పేరు బిస్సినోసిస్. పేరు కష్టంగా ఉంది గాని, సంగతి మీకందరికీ తెలిసిందే. దూదిలో వచ్చేది ఒట్టి పీచు కాదు. పత్తికాయ కింది రెక్కల తునకలు, ఎండిన ఆకు పొడి, మట్టి, వాటి మీద పెరిగే సూక్ష్మజీవుల విషం, అన్నీ బేలులోనే వస్తాయి. బేలు విప్పేచోట, బ్లో రూములో, కార్డింగులో ఆ సన్నటి దుమ్ము లేస్తుంది. కంటికి కనపడే నూగు ముక్కులో ఆగిపోతుంది. కనపడని దుమ్మే లోపలికి పోతుంది. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో రిచర్డ్ షిల్లింగ్ అనే డాక్టరు 1950లలో పనివాళ్లను అడిగి అడిగి ఈ జబ్బుకు మెట్లు కట్టాడు. సెలవు మర్నాడు అప్పుడప్పుడు ఛాతీ పట్టేస్తే అర మెట్టు. ప్రతి సెలవు మర్నాడూ పట్టేస్తే ఒకటో మెట్టు. మిగతా రోజుల్లోనూ పట్టేస్తే రెండో మెట్టు. ఊపిరి శాశ్వతంగా దెబ్బతింటే మూడో మెట్టు. మా మామ ఈ మెట్లన్నీ మా ఇంట్లోనే, మా కళ్లముందే ఎక్కాడు. మేము నవ్వుతూ కూర్చున్నాం.

ఇందులో ఒక చిక్కు గమనించండి. ఎక్స్‌రే తీస్తే ఈ జబ్బుకు ప్రత్యేకమైన గుర్తు ఏదీ కనపడదు. దొరకాలంటే రెండే దారులు. ఒకటి, మనిషిని సరిగ్గా అడగడం. రెండు, స్పైరోమీటరు అనే యంత్రంలో ఊదించి, ఒక్క సెకనులో ఎంత గాలి వదలగలడో కొలవడం. అదీ సెలవు మర్నాడు పాళీ ఎక్కేముందు ఒకసారి, పాళీ అయ్యాక ఒకసారి. రెంటికీ తేడా చూడాలి. అమెరికా వాళ్ల దూది దుమ్ము నిబంధనలో, ఆ తేడా నూటికి ఐదు వంతులు గాని 200 మిల్లీలీటర్లు గాని ఉంటే ఆ మనిషిని ఆరునెలలకొకసారి పరీక్షించాలని ఉంది.

మన చట్టంలో ఈ జబ్బు లేదా అంటే, ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో బిస్సినోసిస్ పేరు ఉంది. చూసిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలని రాసి ఉంది. దాని స్థానంలో వచ్చిన 2020 కోడ్ షెడ్యూలులోనూ ఉంది. నష్టపరిహారం చట్టంలో ఉంది, ఈఎస్ఐ చట్టంలో ఉంది. కాగితంలో నాలుగుచోట్ల ఉన్న జబ్బు, మన చీటీల్లో ఒక్కచోటా లేదు. కనిపెట్టే మనిషి లేకపోతే చట్టం ఏం చేస్తుంది?

కనిపెట్టేవాళ్లు రాలేదా? వచ్చారు. కొన్నేళ్ల కిందట ఒక పెద్ద ఊరినుంచి కాలేజీ పిల్లలు సర్వేకని ఒక సూత్ గిర్నీకి వచ్చారు. మంచి పిల్లలే, మర్యాదస్తులే, వాళ్లను నిందించను. చేతుల్లో ఇంగ్లీషు ఫారాలు. సూపర్‌వైజరు పక్కన నిలబడి మరాఠీలోకి మార్చి చెప్తున్నాడు. “ఛాతీలో ఏమైనా బిగుతుగా ఉంటుందా?” అని. పక్కన సూపర్‌వైజరు ఉంటే ఎవరు ఉందంటారు? “ఏం లేదు సార్, మంచిగుంది.” వరసగా అందరిదీ అదే జవాబు. పైగా వాళ్లు వచ్చింది గురువారం, పాళీ మొదలయ్యే వేళ. సుట్టీ మర్నాటి పట్టు గురువారానికి ఎందుకుంటుంది? ఫారాల నిండా “లేదు, లేదు” అని రాసుకుని రైలెక్కిపోయారు.

ఆ గిర్నీలో వైండింగ్ ఖాతాలో పనిచేసే ఒక సోదరి ఈ సభలోనే ఉంది. పేరు చెప్పవద్దంది. ఆమె కూతురు బీఎస్సీ చదువుతోంది. సర్వే సంగతి తల్లి చెబితే, ఆ అమ్మాయి రాత్రి అంట్లు కడుగుతూ తల్లిని అడిగిందట, “అమ్మా, సుట్టీ మర్నాడు నీకు ఎట్లుంటది?” అని. అంతే. తల్లి అరగంట చెప్పింది. మొదటి గంటలో ఎట్లుంటదో, మధ్యాహ్నానికి ఎట్లుంటదో, ఏ బేలు విప్పినప్పుడు ఎక్కువగా ఉంటదో, పక్క మిషను ఆవిడకు ఎట్లుంటదో. కార్డింగులో పనిచేసి మానేసిన పక్కింటి తాత, ఎదురింటి పెద్దమ్మ పేర్లు కూడా చెప్పింది. సర్వే పిల్లలకు ఈ తాతా పెద్దమ్మా అసలు కనపడరు. వాళ్లు గిర్నీలో ఉన్నవాళ్లనే లెక్కపెట్టారు. ఊపిరాడనివాడు గిర్నీలో ఎందుకుంటాడు? ఎప్పుడో మానేసి ఇంట్లో కూర్చుంటాడు. మిగిలిన గట్టివాళ్లను లెక్కపెట్టి, ఈ గిర్నీలో అంతా ఆరోగ్యంగా ఉన్నారని రాస్తే అది అబద్ధం కాదు, కాని నిజమూ కాదు. మానేసినవాళ్ల ఇళ్లు ఏ గల్లీలో ఉన్నాయో, ఆ గల్లీలో పుట్టిన పిల్లకే తెలుస్తుంది.

ఆ అమ్మాయి జవాబులు నోటుబుక్కులో రాసుకుంది. అది తెచ్చి నాకు చూపించి, “మామా, దీన్ని ఎవరికివ్వాలి?” అని అడిగింది. నాకు చెప్పడం చేతకాలేదు. ఈ ప్రతిపాదన అక్కడ పుట్టింది.

ఇది మనకే తట్టిన ఆలోచనేమీ కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల బట్టల మిల్లుల్లో నల్లవాళ్లను చాలాకాలం లోపలి మంచి పనుల్లోకి రానివ్వలేదు. 1964 పౌరహక్కుల చట్టం తరువాతే వాళ్లకు పెద్దసంఖ్యలో పనులు దొరికాయి. దొరికినప్పుడు తరచుగా దొరికింది బేళ్లు విప్పేచోటా, కార్డింగులోనూ. అంటే దుమ్ము ఎక్కడెక్కువో అక్కడ. ఆ జబ్బును అక్కడ బ్రౌన్ లంగ్ అంటారు. 1975లో కరోలినా రాష్ట్రాల్లో పని మానేసిన ముసలి కార్మికులు, ఆయాసపడుతున్నవాళ్లు, తామే బ్రౌన్ లంగ్ అసోసియేషన్ పెట్టుకుని ఊరూరా ఊపిరి పరీక్షలు చేయించారు. ఆ ఒత్తిడి కూడా తోడై 1978లో ప్రభుత్వం దుమ్ముకు హద్దు పెట్టింది. నూలు వడికేచోట ఘనపు మీటరు గాలిలో 200 మైక్రోగ్రాములు, నేతలో 750. రెండువందల మైక్రోగ్రాములంటే సన్న ఉప్పు రవ్వలు మూడు నాలుగు. యజమానులు సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. అంత ఖర్చుకు తగిన లాభముందా అని వాదించారు. 1981లో కోర్టు కార్మికుల పక్షానే నిబంధనను నిలబెట్టింది.

అప్పుడు లేచిన ఇంకో ప్రశ్న ఇప్పటికీ ఉంది. దుమ్ము పీల్చేది ఒక జాతి, కొలిచేది ఇంకో జాతి అయితే కొలత ఎట్లా ఉంటుంది? ఒక్క ఉదాహరణ చెబుతాను. మీరు స్పైరోమీటరులో ఊదితే యంత్రం, మీ వయసుకూ ఎత్తుకూ ఇంత గాలి రావాలి అని ఒక లెక్కతో పోల్చి చూస్తుంది. ఆ లెక్కలో చాలా ఏళ్లు నల్లవాళ్లకు వేరే తూకం వాడారు. పుట్టుకతోనే వాళ్ల ఊపిరి తక్కువ అనుకుని, తక్కువ గాలి వచ్చినా సరిగానే ఉంది అనేవారు. అంటే ఒకే దెబ్బ తిన్న ఇద్దరిలో తెల్లవాడు రోగి, నల్లవాడు ఆరోగ్యవంతుడు. 1999లో ఒక ఆస్బెస్టాస్ కేసులో కంపెనీ తరఫువాళ్లు ఈ తూకాన్నే పట్టుకుని, నల్ల కార్మికులు పరిహారం అడగాలంటే ఇంకా ఎక్కువ ఊపిరి పోయి ఉండాలని వాదించారు. ఈ జాతి తూకం మానేయాలని అమెరికా ఊపిరితిత్తుల వైద్యుల సంఘం చెప్పింది ఎప్పుడనుకున్నారు? 2023లో. ఆ తూకం కట్టే బల్ల దగ్గర పేదింటి పిల్లలు, నల్లవాళ్ల పిల్లలు మొదటినుంచీ కూర్చుని ఉంటే ఎవరో ఒకరు ముందే అడిగి ఉండేవారు కదా అని నా అభిప్రాయం.

అందుకే అక్కడ డిగ్రీలో ఉండగానే పిల్లలను పరిశోధనలోకి తేవాలని పథకాలు పెట్టారు. ఎంఏ, డాక్టరేటుదాకా ఆగితే పేదపిల్లలు మధ్యలోనే ఏదో ఒక పనిలోకి పోతారు. ఆ వడపోత డిగ్రీలోనే జరుగుతుంది. 1970లనుంచి అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ అల్పసంఖ్యాక జాతుల విద్యార్థులకు భత్యమిచ్చి ప్రయోగశాలల్లో తర్ఫీదు ఇచ్చింది. 2014లో పది విశ్వవిద్యాలయ కేంద్రాలతో ఇంకో పెద్ద పథకం వచ్చింది. మనకు దగ్గరగా ఉన్నది మాత్రం 2004లో మొదలైన వృత్తి ఆరోగ్య శిక్షణ పథకం. అందులో ఇద్దరిద్దరు విద్యార్థులను జతకట్టి, వేసవిలో ఎనిమిది తొమ్మిది వారాలు యూనియన్ల దగ్గరికి, కార్మిక కేంద్రాల దగ్గరికి పంపుతారు. కార్మికుల భాష వచ్చిన పిల్లలకు అందులో ఎక్కువ పని. భత్యం ఉంటుంది. ఆఖరున ప్రొఫెసరుకు నివేదిక ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. కార్మికులకు పనికొచ్చేది ఒకటి, కరపత్రమో బొమ్మల పుస్తకమో, తయారుచేసి వాళ్ల చేతికివ్వాలి. ఈ ఒక్క షరతు నాకు బాగా నచ్చింది. మన ఊరికొచ్చిన సర్వే పిల్లలు మళ్లీ మొహం చూపలేదు మరి.

అక్కడా అంతా సాఫీగా లేదు. 2025లో ప్రభుత్వం ఇటువంటి చాలా పథకాలకు నిధులు తెగ్గోసింది. పనిచోట ఆరోగ్యం చూసే జాతీయ సంస్థలోనే పెద్దఎత్తున ఉద్యోగాలు తీసేసింది. సర్కారు డబ్బుతో నిలిచింది సర్కారు మనసు మారితే పడిపోతుంది. మనం మొదటి ఏడాదికి మన చందా వాడాలనుకోవడానికి అదొక కారణం.

ఇక మన పథకం. కొత్త విద్యావిధానంలో 2022లో యూజీసీ ఇచ్చిన డిగ్రీ చట్రం ప్రకారం వేసవి ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఉన్నాయి. నాలుగేళ్ల డిగ్రీలో మొదటి ఆరు సెమిస్టర్లకు 75 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడు పరిశోధన చేయవచ్చు. అంటే కాలేజీవైపు తలుపు ఉంది. మన పిల్లలు ఆ తలుపుదాకా ఎందుకు పోవడంలేదు? ఆ వైండింగ్ సోదరి కూతురినే అడిగాను. వేసవి రెండునెలలు ఆమె నాయనమ్మతో కూర్చుని బీడీలు చుడుతుంది. ఆ డబ్బుతో ఫీజు కడుతుంది. ఉచితంగా రెండునెలలు శిక్షణకు రమ్మంటే జూన్‌లో ఫీజు ఎవరు కడతారు? (బీడీ తంబాకు దుమ్ము సంగతి కూడా ఎవరో ఒకరు కొలవాలి. అది ఇంకో సభకు.) భత్యం లేని శిక్షణ అంటే డబ్బున్నవాళ్ల పిల్లలకే శిక్షణ. కాబట్టి బీడీల్లో వచ్చేదానికి తక్కువ కాకుండా నలుగురికీ రెండునెలలు భత్యమివ్వాలని ప్రతిపాదన. కోశాధికారి మొహం చూస్తే నాకు భయంగానే ఉంది.

మొదటి వేసవి ఊపిరి మాత్రమే. దుమ్ము కాదు. దీనికి కారణం చెప్పాలి, ఎందుకంటే నేనే మొదట దుమ్ము కొలుద్దామని ఎగిరాను. దుమ్ము కొలిచే యంత్రం నిమిషానికి 7.4 లీటర్ల గాలి లాగుతుంది. ఎనిమిది గంటల్లో లాగేది మూడున్నర ఘనపు మీటర్లు. గాలిలో దుమ్ము సరిగ్గా హద్దు మీద ఉంటే, పాళీ అంతా నడిపినా వడపోత కాగితం మీద పడేది ముప్పాతిక మిల్లీగ్రాము కూడా ఉండదు. మనకు చేయిచ్చే కాలేజీ తరాజు మిల్లీగ్రాములో పదోవంతుకంటే సన్నగా తూచలేదు. దానితో తూచి ఒక అంకె చెబితే, యాజమాన్యం ఒక్క ప్రశ్నతో మన మొహాన కొడుతుంది. సన్న తరాజు ఉన్న సంస్థతో మాట్లాడాలి. అహమ్మదాబాదులో వృత్తి ఆరోగ్య జాతీయ సంస్థ ఉంది, వాళ్లకు ఉత్తరం రాస్తాం. దుమ్ము తరువాతి వేసవికి.

పిల్లలకు ఇంకొకటి చెప్పాను. మిమ్మల్ని దుబాసీలుగా, ఫారాలు నింపే కూలీలుగా వాడుకుంటామంటే ఒప్పుకోకండి అని. అట్లా ఒప్పుకుంటే మిల్లు పనివాళ్ల పిల్లలకు మళ్లీ కూలిపనే దక్కినట్టు. ప్రశ్న ఏమిటో వాళ్లే నిర్ణయించాలి. మూడుసార్లు సరిగా ఊదించడం ఎట్లాగో, చెడ్డ ఊదును ఎట్లా కొట్టేయాలో నేర్చుకోవాలి. లెక్క వాళ్లే కట్టాలి. నివేదిక మీద వాళ్ల పేరుండాలి. తప్పు వస్తే ఆ తప్పూ వాళ్లదే.

ఇప్పుడు కార్యవర్గంలో వచ్చిన అభ్యంతరాలు. ఒకరన్నారు, పిల్లలు గిర్నీ మొహం చూడకూడదనే చదివిస్తున్నాం, మళ్లీ అక్కడికే పంపుతావా అని. ఆ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు. నా కొడుకును కూడా నేను అందుకే చదివించాను. బలవంతం లేదు, రావాలనుకున్నవాళ్లే రావాలి.

రెండో అభ్యంతరం పెద్దది. “ఊదించి ఊపిరి తక్కువని తేలితే మర్నాడే గేటు బయట పెడతారు. మందు లేదు, పరిహారం ఎప్పుడో, పని మాత్రం ఇప్పుడే పోతుంది.” ఈ మాట అన్నది ఇరవై రెండేళ్లు కార్డింగులో ఉన్న మనిషి. రాత్రంతా దీని గురించే ఆలోచించాను. కాబట్టి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పరీక్ష గిర్నీలో జరగదు, గేటు బయట అద్దె గదిలో జరుగుతుంది. ఎవరి ఫలితం వాళ్ల చేతికే, యూనియన్ నాయకులకు కూడా చూపరు. నాకు కూడా. పేర్లకు బదులు నంబర్లు. పేర్లూ నంబర్లూ కలిపిన పుస్తకం యూనియన్ ఆఫీసులో ఉండదు, కాలేజీ అధ్యాపకురాలి తాళంలో ఉంటుంది. బయటికి చెప్పేది ఖాతాలవారీ లెక్క మాత్రమే. పదిమందికి తక్కువ ఉన్న ఖాతా లెక్క విడిగా చెప్పరు, ఎందుకంటే ఆరుగురున్న చోట ఇద్దరికి జబ్బు అంటే ఆ ఇద్దరెవరో జాబర్ సాయంత్రానికి పట్టేస్తాడు. ఈ పదిమంది నియమం పెట్టింది నేను కాదు, ఆ బీఎస్సీ అమ్మాయే. ఇష్టం లేనివాళ్లు ఊదనక్కరలేదు, మధ్యలో మానేయవచ్చు. ఇంత చేసినా భయం పూర్తిగా పోతుందని నేను హామీ ఇవ్వలేను. ఇచ్చినా మీరు నమ్మరు.

మానేసినవాళ్ల జాబితా ముందు మొదలవ్వాలి. వాళ్లకు పోయే పని లేదు, దాచాల్సిన భయమూ తక్కువ. మీ గల్లీలో కార్డింగు, బ్లో రూము, డ్రా ఫ్రేముల్లో చేసి ఆయాసంతో మానేసినవాళ్లుంటే, వాళ్లను ముందు అడిగి, సరేనంటేనే పేరూ, ఎన్నేళ్లు చేశారో, ఏ ఖాతానో ఒక చీటీ మీద రాసి ఆఫీసులో ఇవ్వండి. పాత మందుల చీటీలు పారేయకండి. పేస్లిప్పులు, బదిలీ కార్డులు ఉంటే భద్రంగా ఉంచమనండి. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వవద్దని కూడా చెప్పండి, మాకు కూడా జిరాక్సే చాలు.

దరఖాస్తు పెట్టే విద్యార్థులకు తెలుగు చదవడం రాకపోయినా ఫరవాలేదు, మన ఇళ్లలో మాట్లాడే తెలుగు రావాలి. మరాఠీ ఎలాగూ వస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు తప్పనిసరి, ఎందుకంటే వైండింగులో, రింగ్ ఖాతాలో ఆడవాళ్లే ఎక్కువ, వాళ్లు మగపిల్లల ముందు ఛాతీ సంగతి చెప్పరు. ఏ గిర్నీ కార్మికుల పిల్లలైనా సరే, మన యూనియన్ సభ్యుల పిల్లలే కానక్కరలేదు. దీని మీద కార్యవర్గంలో గొడవ జరిగింది, నేను ఓడిపోతాననుకున్నాను, రెండు ఓట్లతో నెగ్గాను.

ఇప్పుడు కోశాధికారి లెక్క చదువుతారు. అది విన్నాక చేతులెత్తి ఓటు వేయండి. వద్దనేవాళ్లు ఎందుకు వద్దంటున్నారో ముందు లేచి చెబితే బాగుంటుంది.